హిందూరావు నుంచి లిండర్టిస్ దాకా: థామస్ మన్రో బారోనెట్ బిరుదు - వంశక్రమం, దత్తమండల నేపథ్యం

వ్యాససంగ్రహం

దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రోకు 1825లో బ్రిటిష్ ప్రభుత్వం 'బారోనెట్' అనే వంశపారంపర్య బిరుదునిచ్చింది. రైత్వారీ విధానకర్తగా మన్రో తెలుగు పాఠకులకు పరిచితుడే. ఆయన వంశానికి సంక్రమించిన బిరుదు చరిత్ర మాత్రం మన పరిశోధనల్లో అంతగా చర్చకు రాలేదు. ఆ బిరుదు స్వభావాన్ని, వారసత్వ నియమాలను, ఏడుగురు బారోనెట్ల క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. హిందూపురం పేరుకు మూలమైన 'హిందూరావు' బిరుదుతో, పాలెగాళ్ల వంశహక్కులతో, చెరువుల దశబంధ ఈనాములతో దానిని పోల్చి చూస్తుంది. ఈ నేలపై అనేక వంశహక్కులను రద్దు చేసిన పాలకుడే ఒక వంశబిరుదుకు మూలపురుషుడు కావడంలోని వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: బారోనెట్, థామస్ మన్రో, లిండర్టిస్, హిందూరావు, దత్తమండలాలు, పాలెగాళ్లు, రైత్వారీ, దశబంధం, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం.

1. ఉపోద్ఘాతం

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల ఆధునిక చరిత్ర 1800వ సంవత్సరంతో ఒక మలుపు తిరిగింది. మైసూరు యుద్ధాల ఫలితంగా 1792, 1799 ఒప్పందాల ద్వారా తనకు సంక్రమించిన భూభాగాలను హైదరాబాదు నిజాం 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. తన రాజ్యంలో ఉండే కంపెనీ సైన్యపు ఖర్చు కింద ఇచ్చిన ఈ ప్రాంతాలకే దత్తమండలాలని పేరు వచ్చింది. 'దత్త' శబ్దంలోని చిన్నతనం నచ్చక 1928లో నంద్యాల సభల సందర్భంగా చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అనే పేరును ప్రతిపాదించారు. 1808లో దత్తమండలాలు బళ్లారి, కడప జిల్లాలుగా విడిపోయినప్పుడు పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలు బళ్లారిలో చేరాయి. 1882లో అనంతపురం జిల్లాలోకి, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి.

ఈ మండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు పనిచేసినవాడు థామస్ మన్రో. మన పాఠ్యగ్రంథాల్లోనూ, కొన్ని పరిశోధన వ్యాసాల్లోనూ 'దత్తమండలాల కలెక్టరు సర్ థామస్ మన్రో' అనే ప్రయోగం తరచూ కనిపిస్తుంది. కాలక్రమం దృష్ట్యా ఇది సరి కాదు. అనంతపురం కేంద్రంగా పాలన సాగించిన కాలంలో ఆయన మేజర్ మన్రో, ఆపై లెఫ్టినెంట్ కర్నల్ మన్రో మాత్రమే. 'సర్' అనే గౌరవవాచకం ఆయనకు రెండుసార్లు, రెండు భిన్నమైన అర్థాల్లో లభించింది. 1819లో లభించిన నైట్ హోదా వ్యక్తిగతమైనది, ఆయనతోనే ముగిసేది. 1825లో లభించిన బారోనెట్ బిరుదు వంశానికి చెందినది, నేటికీ కొనసాగుతున్నది. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తిస్తే వలస పాలనలో వంశహక్కు అనే భావనను ఎవరికి, ఏ ప్రాతిపదికన గుర్తించారో, ఎవరికి నిరాకరించారో స్పష్టమవుతుంది.

2. బారోనెట్ బిరుదు: స్వరూపం, నియమాలు

బ్రిటిష్ ప్రభువర్గంలో డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్ అనే అయిదు అంతస్తులున్నాయి. ఈ అయిదింటినీ కలిపి 'పీరేజ్' అంటారు. బారోనెట్ స్థానం బారన్‌కు దిగువన, సాధారణ నైట్ హోదాలకు పైన ఉంటుంది. అది వంశపారంపర్యమే అయినా పీరేజ్‌లో చేరదు. కాబట్టి బారోనెట్‌కు బిరుదు కారణంగా ప్రభువుల సభలో స్థానం లభించదు. పేరుకు ముందు 'సర్' అనీ, పేరు చివర బారోనెట్ అనీ రాసుకునే గౌరవం మాత్రం దక్కుతుంది.

ఈ బిరుదును 1611లో మొదటి జేమ్స్ రాజు ఏర్పరచాడు. ఐర్లండులోని అల్‌స్టర్ ప్రాంతంలో సైన్యాన్ని పోషించడానికి ధనం సమకూర్చుకోవడం ఆనాటి ఉద్దేశం. బిరుదు పొందిన ప్రతి వ్యక్తీ 30 మంది సైనికులను మూడేళ్లపాటు పోషించడానికి సరిపడే సొమ్ము, అంటే 1,095 పౌండ్లు చెల్లించాలి. బారోనెట్ల చిహ్నంలో కనిపించే ఎర్రని హస్తం ఆ అల్‌స్టర్ గుర్తే. కాలక్రమంలో ధనం చెల్లించే పద్ధతి పోయి, యుద్ధంలోనో పాలనలోనో చేసిన సేవకు ప్రతిఫలంగా ఇచ్చే గౌరవంగా అది స్థిరపడింది.

దత్తమండలాల సందర్భంలో మూడు వారసత్వ నియమాలు గమనించదగినవి. మొదటిది, బిరుదు సాధారణంగా పురుష సంతతికే సంక్రమిస్తుంది. జ్యేష్ఠునికే ప్రాధాన్యం. రెండవది, బిరుదును భాగాలుగా పంచడానికి వీలులేదు. తండ్రి ఆస్తిలో అన్నదమ్ములందరికీ వాటా కల్పించే మన మితాక్షర సంప్రదాయానికి ఇది భిన్నం. మూడవది, దత్తపుత్రునికి బిరుదు రాదు. ఔరస పురుష సంతతి లేకపోతే తమ్మునికో, అతని కుమారునికో వెళుతుంది. ఆ శాఖలూ లేకపోతే బిరుదు అంతరించిపోతుంది.

ప్రతి బిరుదుకూ ఒక స్థలనామాన్ని జతచేయడం ఆచారం. శ్రీరంగపట్టణం ముట్టడికి నాయకత్వం వహించిన జనరల్ హ్యారిస్‌కు 1815లో బారన్ హోదా ఇచ్చినప్పుడు శ్రీరంగపట్టణం, మైసూరు పేర్లు ఆ బిరుదులో చేరాయి. గెలిచిన నేల పేరును గెలిచినవాని వంశనామంలో నిలిపే పద్ధతి ఇది. మన్రో విషయంలో అలా జరగలేదు.

3. మన్రో: బిరుదుకు ముందు జీవితం

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. కుటుంబం దెబ్బతిన్న ఆ స్థితిలో థామస్ కంపెనీ పదాతిదళంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. భూవసతి గల ప్రభువంశం నుంచి వచ్చినవాడు కాదు. తన సంపాదనలోంచి తల్లిదండ్రులకు డబ్బు పంపుతూ వచ్చిన ఉద్యోగి.

హైదరలీ, టిప్పు సుల్తాన్‌లతో జరిగిన యుద్ధాల్లో పాల్గొన్నాక 1792 నుంచి 1799 వరకు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేసి రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతిని నేర్చుకున్నాడు. కొంతకాలం కెనరాలో పనిచేసి 1800లో దత్తమండలాలకు వచ్చాడు. ఇక్కడి తొలి సంవత్సరాల్లో చాలాకాలం గుడారాల్లోనే నివసిస్తూ ఊరూరా తిరిగాడు. 1802లో గుత్తిలో మొదలైన భూమి కొలత అయిదేళ్లపాటు సాగింది. ప్రతి పొలానికీ విడివిడిగా విస్తీర్ణం, నేల రకం, శిస్తు నిర్ణయించిన ఆ పనియే రైత్వారీకి పునాది.

తాను నిర్ణయించిన శిస్తు భారమైనదని మన్రోకు తెలుసు. 1807 ఆగస్టులో సమర్పించిన నివేదికలో శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలనీ, బావుల కింద, చెరువుల కింద సాగయ్యే భూములకు మరో 8 వంతులు తగ్గించాలనీ సిఫారసు చేశాడు. ప్రభుత్వం అప్పట్లో అంగీకరించలేదు. ఆయనే గవర్నరుగా తిరిగి వచ్చాకగాని తగ్గింపు అమలుకు రాలేదు. నడుమ కాలమంతా పెనుకొండ, ధర్మవరం వంటి వర్షాభావ ప్రాంతాల రైతులు ఆ హెచ్చు శిస్తునే మోయవలసివచ్చింది.

1807లో స్వదేశానికి వెళ్లిన మన్రో 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను వివాహమాడాడు. ఆ ఏడాదే న్యాయవ్యవస్థ సంస్కరణల సంఘానికి అధ్యక్షుడిగా మద్రాసు చేరుకున్నాడు. 1817-18 మరాఠా యుద్ధంలో సైన్యాన్ని నడిపి బాదామి దుర్గాన్ని పట్టుకున్నాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. మొదటి బర్మా యుద్ధానికి మద్రాసు నుంచి సైన్యాన్నీ సరంజామానూ సమకూర్చినందుకు 1825లో బారోనెట్ బిరుదు వచ్చింది.

ఏడేళ్ల దత్తమండల పాలనకు గాని, రైత్వారీ రూపకల్పనకు గాని బిరుదు రాలేదు. యుద్ధసేవకు వచ్చింది. వంశచిహ్నంలో కూడా పొలం గాని, కొలత గొలుసు గాని కనిపించవు. బాదామి గిరిదుర్గం, దాని పేరు మాత్రం అందులో చోటుచేసుకున్నాయి. బిరుదుకు జతచేసిన స్థలనామం 'లిండర్టిస్', స్కాట్లండులోని ఫర్‌ఫర్ జిల్లాలో, అంటే నేటి ఆంగస్‌లో, కిరీమూర్ పట్టణానికి సమీపంలోని ఎస్టేటు పేరు. దత్తమండలాల ప్రస్తావన బిరుదులో ఎక్కడా లేదు.

4. హిందూరావు: ఒక ఊరి పేరులో నిలిచిన బిరుదు

మన్రో రాకకు పూర్వమే ఈ ప్రాంతంలో ఒక వంశపారంపర్య బిరుదు ఊరి పేరుగా స్థిరపడి ఉంది. గుత్తి కేంద్రంగా పాలించిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే వంశంలో 'హిందూరావు' అనేది తరతరాలుగా వస్తున్న బిరుదు. మురారిరావు తన తండ్రి హిందూరావు పేర హిందూపురాన్ని కట్టించాడని స్థానిక కథనం, జిల్లా చరిత్రల్లోనూ ఇదే నమోదైంది. ఈ వ్యుత్పత్తిని అంగీకరిస్తే హిందూపురం ఒక వ్యక్తి పేరు మీద కాక వంశబిరుదు మీద వెలిసిన ఊరవుతుంది.

మురారిరావు 1751లో ఆర్కాటు పోరాటంలో క్లైవుకు తోడ్పడినవాడు. 1776 ప్రాంతంలో గుత్తి దుర్గం హైదరలీ వశం కాగా బందీ అయి కబ్బాళదుర్గంలో మరణించాడు. ఘోర్పడే వంశంలోని మరొక శాఖ బళ్లారి సమీపంలోని సండూరులో నిలదొక్కుకుంది. సండూరు పాలకులు 1949 వరకు ఆ సంస్థానాన్ని ఏలారు. హిందూరావు బిరుదును వారూ ధరించారు.

ఈ రెండు వంశాల చరిత్రలు ఒక చోట కలుస్తాయి. 1817లో మరాఠా యుద్ధ సమయంలో పీష్వా కోరిక మేరకు సండూరు దుర్గాన్ని స్వాధీనం చేసుకోవడానికి సైన్యంతో వెళ్లినవాడు మన్రోయే. పాలకుడు శివరావు పోరాడకుండా లొంగిపోయాడు. పీష్వా అధికారం అంతరించాక 1818లో సండూరు తిరిగి శివరావుకు దక్కింది. 1826లో మన్రో గవర్నరుగా ఉన్న మద్రాసు ప్రభుత్వం ఆ హక్కును వంశపారంపర్యంగా ధ్రువీకరిస్తూ సనదు ఇచ్చింది. అంటే, తన వంశానికి బిరుదు లభించిన మరుసటి ఏడాదే మన్రో ప్రభుత్వం హిందూరావు వంశానికి వారసత్వ హక్కుపత్రం ఇచ్చింది.

రెండు వారసత్వాల మధ్య తేడా కొద్దికాలంలోనే బయటపడింది. 1840లో శివరావు మరణించగా ఆయన దత్తత తీసుకున్న వెంకటరావు సండూరుకు పాలకుడయ్యాడు. హైందవ ధర్మశాస్త్రం ప్రకారం దత్తపుత్రుడు ఔరసునితో సమానంగా వంశాన్ని నిలుపుతాడు. పిండోదకాలిచ్చే అధికారమే వారసత్వానికి ఆధారం. బారోనెట్ నియమం ప్రకారం అయితే వెంకటరావు వంటివానికి బిరుదు దక్కేది కాదు. ఇక్కడి వంశభావనకు పితృకర్మ మూలం, అక్కడి వంశభావనకు రక్తసంబంధం మూలం. తర్వాతి దశాబ్దంలో డల్హౌసీ దత్తతలను నిరాకరించి సంస్థానాలను కలుపుకోవడం వెనుక పనిచేసిన దృష్టిభేదం ఈ రెండు బిరుదుల పోలికలోనే తెలుస్తుంది.

5. పాలెగాళ్లు: రద్దయిన వంశహక్కులు

పాలెగాళ్ల వ్యవస్థ మూలాలు విజయనగర కాలపు నాయంకర పద్ధతిలో ఉన్నాయి. సైన్యాన్ని పోషించి, అవసరమైనప్పుడు రాజుకు పంపే షరతుపై భూమిని అనుభవించే పద్ధతి అది. 1565 యుద్ధం తర్వాత అరవీటి తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. కేంద్రాధికారం సడలేకొద్దీ చుట్టుపక్కల నాయకుల హక్కులు వంశపారంపర్యంగా గట్టిపడ్డాయి. మడకశిర ప్రాంతంలోని రత్నగిరి, పశ్చిమాన రాయదుర్గం అలాంటి పాలెగాళ్ల స్థావరాలే.

ప్రారంభంలో బారోనెట్‌కూ, పాలెగాడికీ సైన్యపోషణే ప్రాతిపదిక కావడం ఆసక్తికరమైన పోలిక. అక్కడ 30 మంది సైనికులకు మూడేళ్ల ఖర్చు చెల్లించినవాడు తరతరాల బిరుదు పొందాడు. ఇక్కడ తరతరాలుగా సైన్యాన్ని పోషించినవాడు, సైన్యం ఉందన్న కారణంగానే హక్కును కోల్పోయాడు.

మన్రో వచ్చేనాటికి దత్తమండలాల్లో 80 మంది పాలెగాళ్లు, వారి కింద సుమారు 30,000 మంది సాయుధులు ఉన్నట్లు ఆయన నివేదికలు తెలుపుతాయి. వారిలో శిస్తు చెల్లించి ఆయుధాలు వదలిన వారిని కొనసాగనిచ్చాడు. ఎదిరించిన వారిని వెళ్లగొట్టాడు. మరికొందరికి పాలన హక్కు తీసివేసి భరణం ఏర్పాటు చేశాడు. రాయదుర్గం పాలెగాడిని గుత్తికి తరలించి నిఘాలో ఉంచారు. పాలెగాళ్ల పట్ల మన్రో అనుసరించిన కఠిన పద్ధతులను లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. దేశంలో శాంతి నెలకొనాలన్నా, రైతుకు రెండు వైపుల దోపిడి తప్పాలన్నా ఇది తప్పదని మన్రో వాదించాడు. ఆ వాదనలో కొంత సత్యం ఉంది. పాలెగాళ్ల వసూళ్లు, ఘర్షణల వల్ల గ్రామాలు నలిగిపోయిన మాట నిజమే. అయితే మధ్యవర్తి తొలగిపోయాక రైతు ఎదుట మిగిలింది మరింత శక్తిమంతమైన ఒకే ఒక్క భూస్వామి, ప్రభుత్వం.

భరణం పొందే స్థితికి దిగిన వంశహక్కు ఎలాంటిదో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చరిత్ర తెలుపుతుంది. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి ఆయన మనుమడు. తన వంతుగా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం పొందేవాడు. నొస్సం వంశానికి నిలిచిపోయిన భరణంలో వాటా కోరగా ప్రభుత్వం నిరాకరించింది. 1846లో ఆయన తిరుగుబాటుకు ఇదొక ముఖ్య కారణం. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. అదే సమయంలో, మన్రో పెద్దకొడుకు రెండవ బారోనెట్‌గా తండ్రి బిరుదును అనుభవిస్తున్నాడు. తాత హక్కులో వాటా అడిగినవానికి ఉరి పడింది, తండ్రి బిరుదును అడగకుండానే పొందినవానికి గౌరవం దక్కింది. రెండు వారసత్వాలకూ గుర్తింపునిచ్చే అధికారం ఒకే సామ్రాజ్యం చేతిలో ఉంది.

6. చెరువు ఈనాము: సేవతో ముడిపడిన వారసత్వం

ధర్మవరం ప్రాంతం మరొక తరహా వంశహక్కును గుర్తుచేస్తుంది. చిత్రావతి నీటితో నిండే బుక్కపట్నం, ధర్మవరం చెరువులు ఈ కరువుసీమకు జీవనాధారాలు. చెరువును కట్టించిన లేదా బాగుచేసే బాధ్యత తీసుకున్న కుటుంబానికి దాని ఆయకట్టులో కొంత భూమిని తరతరాలకు ఇచ్చే ఆచారం అనంతపురం, కడప ప్రాంతాల్లో విస్తృతంగా ఉండేది. దీనినే దశబంధ ఈనాము అంటారు.

దశబంధం వంశపారంపర్యమే, కాని షరతు లేనిది కాదు. చెరువు కట్ట బాగున్నంత కాలమే ఈనాము చెల్లుతుంది. కొడుకు తండ్రి భూమితోపాటు తండ్రి బాధ్యతను కూడా స్వీకరించాలి. బారోనెట్ బిరుదులో అలాంటి షరతేదీ లేదు. మొదటివాని సేవకు ఇచ్చిన ప్రతిఫలం ఏడవవానికి కూడా, ఏ సేవతోనూ నిమిత్తం లేకుండా చేరుతుంది. ఈ దృష్టితో చూస్తే మన ప్రాంతపు గ్రామీణ వారసత్వ భావన బ్రిటిష్ బిరుదు కన్నా ఎక్కువ జవాబుదారీతనం గలదని చెప్పవచ్చు.

7. లిండర్టిస్ మన్రోలు: ఏడుగురు బారోనెట్ల క్రమం

1825లో బిరుదు పొందిన మన్రో దానిని అనుభవించింది రెండేళ్లు మాత్రమే. చిన్నకొడుకు క్యాంప్‌బెల్ అనారోగ్యం కారణంగా 1826లో జేన్ మన్రో ఆ బిడ్డతో స్వదేశానికి ప్రయాణమైంది. మరుసటి ఏడాది, పదవీ విరమణకు ముందు, దత్తమండలాలను మరోసారి చూడాలని బయలుదేరిన మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

అప్పటికి పెద్దకొడుకు థామస్ వయస్సు 8 ఏళ్లు. ఆ బాలుడే రెండవ బారోనెట్. 1901 వరకు జీవించిన ఆయన అవివాహితుడు. కాబట్టి బిరుదు తమ్ముడు క్యాంప్‌బెల్‌కు సంక్రమించింది. 1823లో పుట్టిన ఈ మూడవ బారోనెట్ తన 70వ పడి చివరలో బిరుదు పొంది 1913లో మరణించాడు. పసితనంలో అనారోగ్యంతో మద్రాసు నుంచి తీసుకువెళ్లిన బిడ్డే వంశాన్ని నిలబెట్టాడు. ఆయన లేకపోతే 1901తోనే బిరుదు అంతరించి ఉండేది.

క్యాంప్‌బెల్ కుమారుడు హ్యూ థామస్ మన్రో (1856-1919) నాలుగవ బారోనెట్. మూలపురుషుని తర్వాత ఈ వంశంలో ప్రపంచానికి తెలిసిన వ్యక్తి ఈయనే. స్కాటిష్ పర్వతారోహణ సంఘం వ్యవస్థాపక సభ్యుల్లో ఒకడైన హ్యూ మన్రో, స్కాట్లండులో 3,000 అడుగులకు మించిన ఎత్తు గల పర్వతాల పట్టికను 1891లో ప్రచురించాడు. నాటి పట్టికలో 283 పర్వతాలున్నాయి. సవరణల అనంతరం నేడు 282 ఉన్నాయి. ఈ పర్వతాలను 'మన్రోలు' అనే పిలుస్తారు. వాటన్నింటినీ ఎక్కడం స్కాట్లండులో ఒక వ్రతంగా మారింది. హ్యూ మన్రో మాత్రం ఆ వ్రతాన్ని పూర్తిచేయకుండానే మరణించాడు.

తాత పొలాలను ఒక్కొక్కటిగా కొలిపించి పట్టికలు వేయించాడు, మనుమడు కొండలను ఒక్కొక్కటిగా లెక్కించి పట్టిక వేశాడు. దీనిని వంశలక్షణంగా చెప్పడం శాస్త్రీయం కాదు. కాని నేలను కొలిచి, పేరుపెట్టి, జాబితాలో చేర్చి తెలుసుకోవాలనే 19వ శతాబ్ది జ్ఞానదృష్టి ఇద్దరిలోనూ ఉంది. పొలాల పట్టిక శిస్తుకు దారితీసింది. కొండల పట్టిక వినోదానికి దారితీసింది. ఆ తేడా వలసకూ స్వదేశానికీ మధ్య ఉన్న తేడా.

హ్యూ తర్వాత టార్క్విల్ మన్రో అయిదవ బారోనెట్‌గా 1985 వరకు, అలస్డేర్ మన్రో ఆరవ బారోనెట్‌గా 2014 వరకు బిరుదును ధరించారు. ప్రస్తుతం ఏడవ బారోనెట్ కొనసాగుతున్నారు. బిరుదు పుట్టి రెండు శతాబ్దాలు పూర్తయ్యాయి.

8. జనం ఇచ్చిన పేర్లు

రాజు ఇచ్చిన బిరుదుకు సమాంతరంగా దత్తమండల ప్రజలు మన్రోకు వేరే పేర్లిచ్చారు. ఆయనను 'మాండవ ఋషి' అని పిలిచారనీ, పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారనీ జిల్లా గెజిటీర్లు నమోదు చేశాయి. మన్రో, మాండవ్య శబ్దాల ధ్వనిసామ్యం ఈ పేరుకు తోడ్పడి ఉండవచ్చు. పరాయి పేరును తమ పురాణ పరిధిలోకి తెచ్చుకుని అర్థం చేసుకోవడం జానపద సంప్రదాయానికి సహజం. మఠం భూములను స్వాధీనం చేసుకోవడానికి మంత్రాలయం వెళ్లిన మన్రోకు రాఘవేంద్రస్వామి బృందావనం నుంచి కనిపించి మాట్లాడాడన్న ఐతిహ్యం, పాపఘ్ని తీరాన గండి క్షేత్రంలో బంగారు తోరణం ఆయన కంటపడిందనీ, అది చూసినవారు ఎంతోకాలం బతకరనీ చెప్పే కథ ఈ కోవకు చెందినవే.

ఈ కథలను చారిత్రక సత్యాలుగా గాక జనమనస్సుకు సాక్ష్యాలుగా పరిశీలించాలి. మంత్రాలయ ఐతిహ్యం అసలు సారం ఈనాము భద్రత. ధార్మిక సంస్థ భూమిని కొత్త ప్రభుత్వం లాక్కుంటుందేమోనన్న భయం ఆ కథలో పరిష్కారమవుతుంది. గండి కథలో దైవదర్శనం, అకాలమరణం ఒకే చోట చేరి పాలకుని పుణ్యాత్మునిగా నిలుపుతాయి. అలాగని ఈ ఆదరణను పాలనకు ఏకగ్రీవ ఆమోదంగా భావించలేం. పాలెగాడి వంశంలో పుట్టిన నరసింహారెడ్డిని కీర్తించిన పాటలు కూడా ఇదే నేలపై ప్రచారం పొందాయి. పాలెగాళ్లను అణచినవానికీ, ఆ వంశం వీరునికీ ఒకే సీమ జానపద స్మృతిలో చోటు దొరికింది.

'మన్రోలప్ప' అన్న పేరు చట్టప్రకారం ఎవరికీ వారసత్వంగా రాదు. పత్రం లేదు, ముద్ర లేదు, జ్యేష్ఠత్వ నియమం లేదు. ఇష్టపడిన ఇంట్లో పెట్టుకున్నారు, ఇష్టం తీరాక మానుకున్నారు. బారోనెట్ బిరుదు రక్తాన్ని ఆశ్రయించి నిలిచింది. జనం ఇచ్చిన పేరు ఆదరణను ఆశ్రయించి నిలిచింది.

9. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

1. దత్తమండలాల కలెక్టరుగా ఉన్న కాలంలో (1800-1807) మన్రోకు 'సర్' హోదా లేదు. 1819 నాటి నైట్ హోదా వ్యక్తిగతం, 1825 నాటి బారోనెట్ బిరుదు వంశపారంపర్యం. పరిశోధకులు ఆయా కాలాల ప్రస్తావనలో ఈ తేడా పాటించడం సముచితం.

2. బిరుదు లభించింది యుద్ధసేవకే. బిరుదులోని లిండర్టిస్ పేరు గాని, వంశచిహ్నంలోని బాదామి దుర్గం గాని మన్రో దత్తమండల పాలనను సూచించవు.

3. హిందూరావు బిరుదు దత్తతను అంగీకరించిన వంశంలో కొనసాగగా, బారోనెట్ బిరుదు ఔరస పురుష సంతతికే పరిమితమైంది. రెండు సమాజాల వంశభావనలోని మౌలిక భేదానికి ఇది నిదర్శనం.

4. సండూరు వంశానికి సనదు, పాలెగాళ్లకు భరణం, మన్రోకు బిరుదు - ఈ మూడూ ఒకే పాలనా వ్యవస్థ నిర్ణయాలు. వంశహక్కు అనే సూత్రాన్ని వలస ప్రభుత్వం తిరస్కరించలేదు. ఆ హక్కు ఎవరికి ఉండాలో నిర్ణయించే అధికారాన్ని తన చేతిలోకి తీసుకుంది.

5. దశబంధ ఈనాము వంటి స్థానిక వారసత్వాలు సేవాషరతుతో కూడినవి. ఈ కోణంలో పెనుకొండ, ధర్మవరం, హిందూపురం తాలూకాల ఈనాము పత్రాలను, గ్రామ కైఫియతులను తులనాత్మకంగా అధ్యయనం చేస్తే సీమ సామాజిక చరిత్రలో కొత్త అంశాలు వెలుగులోకి వస్తాయి.

హిందూరావు బిరుదు ఒక ఊరి పేరుగా నిత్యవ్యవహారంలో మిగిలింది. మన్రో బిరుదు ఈ సీమకు దూరంగా ఒక కుటుంబంలో మిగిలింది. వంశచరిత్రలను అధ్యయనం చేసేటప్పుడు వారసుల జాబితాతో ఆగిపోకుండా, ఆ వారసత్వం ఏ నేల మీద, ఎవరి హక్కులు పోయిన చోట రూపొందిందో కూడా పరిశీలించవలసిన అవసరాన్ని ఈ రెండు బిరుదులూ తెలియజేస్తున్నాయి.